దంత ఇంప్లాంట్: ఏ నొప్పి ఎప్పుడు వస్తుంది, ఎందుకు వస్తుంది, ఎన్నాళ్లుంటుంది

పోయిన పంటి చోట దవడ ఎముకలోకి మర మాదిరిగా బిగించే లోహపు కృత్రిమ వేరే దంత ఇంప్లాంట్. దాన్ని పెట్టించుకోవాలని నిర్ణయించుకున్నవాళ్లు డాక్టరును అడిగే మొదటి ప్రశ్న దాదాపుగా ఒక్కటే: నొప్పి పుడుతుందా? దానికి వచ్చే జవాబు కూడా చాలాసార్లు ఒక్కటే: మత్తు ఇస్తాం, ఏమీ తెలియదు. ఇది అబద్ధం కాదు గానీ సగం జవాబు. కోత, ఎముకను తొలిచే పని నిజంగానే నొప్పి తెలియకుండా జరిగిపోతాయి. అయితే గంటసేపు నోరు తెరిచి ఉంచినందుకు దవడ పట్టేస్తుందనీ, ఎముకలోకి మర బిగుస్తుంటే తలంతా అదిరినట్టు ఉంటుందనీ, తగ్గిపోయిందనుకున్న మూడో రోజు పొద్దున అద్దంలో చెంప ఉబ్బి కనబడుతుందనీ ఆ జవాబులో లేదు. ముందుగా ఎవరూ చెప్పని అసౌకర్యం ఎదురైతే మనిషికి అది ప్రమాదంలా తోస్తుంది. భయం తోడైతే చిన్న పోటు కూడా పెద్దదవుతుంది.

అసలు చిక్కు ప్రశ్నలోనే ఉంది. ఇంప్లాంట్ చికిత్సలో నొప్పి ఒక్కటిగా రాదు. సూది మంట, ఒత్తిడి, మత్తు దిగాక వచ్చే సలుపు, వాపు, దవడ బిగువు, కుట్ల గరుకు, ఇలా వేర్వేరు అసౌకర్యాలు వేర్వేరు కారణాలతో, వేర్వేరు వేళల్లో వచ్చి పోతాయి. ఏది ఎప్పుడు రావాలో, ఎప్పటికి పోవాలో తెలిసినవాళ్లకు రెండు లాభాలు: వచ్చినదాన్ని కంగారు లేకుండా ఓర్చుకోగలరు, రాకూడని వేళలో వచ్చినదాన్ని వెంటనే గుర్తుపట్టగలరు.

ముందుగా అందరినీ భయపెట్టే విషయం, ఎముకకు రంధ్రం చేయడం. పంటి నొప్పి ఎలా ఉంటుందో ఒకసారి అనుభవించినవాళ్లు ఎముకను తొలిస్తే అంతకు ఎన్నో రెట్లు ఉంటుందని ఊహించుకుంటారు. ఈ ఊహకు శరీర నిర్మాణంలో ఆధారం లేదు. పంటి నొప్పి అంత దుర్భరంగా ఉండడానికి కారణం పంటి లోపలి గుజ్జు. నరాలు కిక్కిరిసి ఉండే ఆ మెత్తటి కణజాలం చుట్టూ గట్టి గోడలుంటాయి. వాపు వస్తే అది విస్తరించడానికి చోటు లేక నరాల మీదే ఒత్తిడి పెరిగిపోతుంది. ఇంప్లాంట్ పెట్టే చోట పన్నే లేదు కాబట్టి ఆ గుజ్జూ లేదు. దవడ ఎముక లోపల నరాలున్నా అవి పలుచగా ఉంటాయి. నొప్పిని బాగా పసిగట్టేవి ఎముకను అంటిపెట్టుకుని ఉండే పైపొర, దాని మీది చిగురు. ఈ రెండూ మత్తు మందుకు తేలిగ్గా లొంగుతాయి. అందువల్లనే ఆ పన్ను తీయించుకున్న రోజు కంటే దాని స్థానంలో ఇంప్లాంట్ పెట్టించుకున్న రోజే సుఖంగా గడిచిందని చెప్పేవాళ్లు చాలామంది కనబడతారు. పన్ను తీయాలంటే దాన్ని అటూఇటూ కదిపి, చుట్టూ ఉన్న ఎముకను కొంత వెడల్పు చేసి, వేరును పట్టి ఉంచే నారలను తెంచాలి. ఇంప్లాంట్‌కు కొలత ప్రకారం తొలిచిన గుంత చాలు. దాని వెడల్పు సాధారణంగా 3 నుంచి 5 మిల్లీమీటర్లు, లోతు 8 నుంచి 13 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది.

పరాయి లోహం లోపల ఉండిపోతే శరీరం దానితో పోరాడుతూ ఉంటుందేమో, ఆ నొప్పి ఎప్పటికీ ఉంటుందేమో అన్నది మరో అనుమానం. 1950ల్లో స్వీడన్ పరిశోధకుడు పెర్-ఇంగ్వార్ బ్రానెమార్క్ కుందేలు ఎముకలో రక్తప్రసరణను గమనించడానికి టైటానియంతో చేసిన పరికరాలను అమర్చి, పని అయ్యాక వాటిని తీయబోతే అవి ఎముకతో ఏకమైపోయి ఊడిరాలేదు. ఆ గమనింపు మీదనే నేటి ఇంప్లాంట్ వైద్యం నిలబడి ఉంది. 1965లో ఆయన తొలిసారిగా ఒక మనిషి దవడలో టైటానియం ఇంప్లాంట్లు అమర్చారు. ఎముక టైటానియాన్ని పరాయిదానిగా నెట్టేయకుండా నేరుగా దాని ఉపరితలం మీదే పెరుగుతుంది. కాబట్టి శస్త్రచికిత్స తర్వాత వచ్చే బాధ కోతకు, కదిలించిన చిగురుకు, ఒత్తిడికి గురైన ఎముకకు సంబంధించినదే తప్ప లోహానిది కాదు.

కుర్చీలో గడిచే గంట

ఒక్క ఇంప్లాంట్ అయితే ముప్పావు గంట నుంచి గంట, అన్ని పళ్ల స్థానంలో నాలుగైదు ఇంప్లాంట్లు పెట్టే పనైతే కొన్ని గంటలు పడుతుంది. ఈ మొత్తం సమయంలో నిజమైన నొప్పి అనదగినది మొదటి రెండు నిమిషాల్లోనే ఉంటుంది, అది మత్తు ఇంజెక్షన్‌ది. సూది గుచ్చుకోవడం కంటే మందు వేగంగా లోపలికి తోయడం వల్ల కణజాలం సాగి ఎక్కువ మంట పుడుతుంది. అందుకే ముందు చిగురు మీద మత్తు జెల్ రాసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, మందును నెమ్మదిగా ఎక్కించే డాక్టరు చేతిలో ఈ మంట చాలా తగ్గుతుంది. అంగిలి వైపు ఇచ్చే ఇంజెక్షన్ మాత్రం ఎవరు ఇచ్చినా కాస్త గట్టిగానే తెలుస్తుంది, ఎందుకంటే అక్కడి చర్మం ఎముకకు గట్టిగా అతుక్కుని ఉండి మందుకు చోటివ్వదు.

పై దవడకూ కింది దవడకూ మత్తు ఇచ్చే పద్ధతి వేరు. పై దవడ ఎముకలో సూక్ష్మమైన రంధ్రాలు ఎక్కువ కాబట్టి పంటి పక్కనే ఇచ్చిన మందు లోపలికి ఇంకుతుంది. కింది దవడ వెనుక భాగంలో ఎముక దట్టంగా ఉంటుంది. అక్కడ దవడ మూలలో నరం ప్రవేశించే చోటే మందు వేసి ఆ పక్కంతా మొద్దుబారేలా చేస్తారు. అందుకే కింది ఇంప్లాంట్ అయితే పెదవి, గడ్డం, ఒక్కోసారి నాలుకలో సగం కూడా బరువెక్కినట్టు అనిపిస్తాయి. మందులో అడ్రినలిన్ కలిపి ఉంటుంది. అది ఆ చోటి రక్తనాళాలను ముడుచుకునేలా చేసి మత్తును ఎక్కువసేపు నిలబెడుతుంది, రక్తస్రావాన్నీ తగ్గిస్తుంది. దానిలో కొంత రక్తంలో కలిసినప్పుడు ఒకటి రెండు నిమిషాలు గుండె దడగా కొట్టుకోవచ్చు. దీన్ని గురించి ముందే చెప్పి ఉంటే చాలామంది భయపడే ఒక సందర్భం తప్పుతుంది. గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవాళ్లు ఈ మాట ముందే చెబితే మందు రకాన్ని, మోతాదును డాక్టరు తదనుగుణంగా చూసుకుంటారు. పక్కమాటగా ఒకటి: నేటికీ ఎక్కువగా వాడే మత్తు మందు లిడోకైన్ కూడా స్వీడన్ నుంచి వచ్చినదే, 1943లో నిల్స్ లోఫ్‌గ్రెన్ దాన్ని తయారుచేశారు. ఇంప్లాంటూ, దాన్ని భరించగలిగేలా చేసిన మందూ ఒకే దేశం నుంచి వచ్చాయి.

మత్తు పనిచేశాక కూడా ఏదో తెలుస్తూనే ఉంటుంది, మందు ఎక్కలేదేమోనని అనుమానం కలిగేది ఇక్కడే. నొప్పిని మోసే నరపు తంతువులు సన్నవి; స్పర్శను, ఒత్తిడిని మోసేవి లావైనవి. స్థానికంగా ఇచ్చే మత్తుకు సన్నని తంతువులు ముందు, పూర్తిగా లొంగుతాయి. లావు తంతువులు కొంతవరకు పనిచేస్తూనే ఉంటాయి. కాబట్టి నొక్కుతున్నట్టు, తోస్తున్నట్టు, అదురుతున్నట్టు తెలియడం సహజం. సూటిగా, పదునుగా గుచ్చినట్టు తెలిస్తే మాత్రం అది సహజం కాదు, ఓర్చుకోవాల్సిన అవసరమూ లేదు. చెయ్యెత్తితే పని ఆపే ఏర్పాటు ముందే మాట్లాడుకుని ఉంటే మరింత మందు వేయించుకోవచ్చు. చీము పట్టిన చోట మత్తు సరిగా పనిచేయకపోవడానికి కూడా కారణం ఉంది: ఇన్ఫెక్షన్ వల్ల కణజాలం ఆమ్లగుణంతో ఉండి, మందు నరంలోకి చొచ్చుకుపోయే రూపంలోకి మారకుండా అడ్డుకుంటుంది. ముందు ఇన్ఫెక్షన్ తగ్గాక ఇంప్లాంట్ పెడదామని డాక్టరు వాయిదా వేస్తే దాన్ని కాలయాపనగా చూడనవసరం లేదు.

తొలిచే పని ఒక్కసారిగా జరగదు. సన్నని డ్రిల్‌తో మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టు లావు డ్రిల్ మారుస్తూ గుంతను కావలసిన వెడల్పుకు తెస్తారు. ఎముక సుమారు 47 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఒక నిమిషం ఉంటే దానిలోని కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. ఇంప్లాంట్ అతుక్కోవాల్సింది ఆ కణాలతోనే. అందుకే డ్రిల్ మీద చల్లని సెలైన్ ధారగా పోస్తూ, మధ్యమధ్య ఆపుతూ, తొందర లేకుండా పనిచేస్తారు. నోట్లో నీరు నిండడం, దాన్ని పీల్చే గొట్టం గురగుర శబ్దం, గొంతులోకి జారుతుందేమోనన్న ఆదుర్దా, ఇవన్నీ ఎముకను కాపాడడానికి రోగి చెల్లించే మూల్యం. ముక్కుతో నిదానంగా గాలి పీల్చడం అలవాటు చేసుకుని వెళ్తే ఈ దశ తేలికవుతుంది; జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉంటే తేదీ మార్చుకోవడమే మేలు.

తర్వాత ఒక క్షణంలో శబ్దం మారుతుంది. నిమిషానికి వందల సార్లు తిరిగిన యంత్రం ఇప్పుడు చాలా మెల్లగా తిరుగుతూ ఇంప్లాంట్‌ను గుంతలోకి దింపుతుంది. మొదటి కొన్ని చుట్లలో ఏమీ తెలియదు. చివరి చుట్లలో ఎముక బిగుసుకుంటున్న కొద్దీ ఒత్తిడి పంటి స్థానం నుంచి చెంప ఎముకకు, అక్కడి నుంచి చెవి ముందు భాగానికి పాకినట్టు ఉంటుంది. ఒక్కోసారి యంత్రాన్ని పక్కన పెట్టి చేతి రెంచ్‌తో ఆఖరి బిగువు ఇస్తారు, అప్పుడు టిక్ టిక్ మని చప్పుడు ఎముక గుండా నేరుగా చెవిలో వినిపిస్తుంది. దవడ విరుగుతోందేమో అనిపించేంత దగ్గరగా వినిపించే ఈ చప్పుడు నిజానికి రెంచ్ పళ్లది. ఆ బిగువు బాగా కుదిరిందంటే ఇంప్లాంట్‌కు మంచి పట్టు దొరికిందని అర్థం.

అన్నీ అయ్యాక ఇంటికి వెళ్లినవాళ్లు ఎక్కువగా చెప్పేది కోత గురించి కాదు, నోరు తెరిచి ఉంచిన అలసట గురించే. పళ్ల మధ్య పెట్టే రబ్బరు దిమ్మ అడిగితే ఇస్తారు. దాన్ని కొరికి ఉంచితే దవడ కండరాలకు భారం తగ్గుతుంది. పెదవి మూలలు చీలకుండా ముందే వాజిలిన్ రాసుకోవడం, మెడ కింద చిన్న దిండు, మధ్యలో ఒకటి రెండుసార్లు నోరు మూసుకునే విరామం చూడ్డానికి చిన్నవే, ఫలితం మాత్రం పెద్దది. స్థానిక మత్తు మాత్రమే అయితే ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. ఆకలి, భయం కలిస్తే కళ్లు తిరిగి పడిపోయే అవకాశం ఎక్కువ.

భయం మరీ ఎక్కువగా ఉన్నవాళ్లకు, పని చాలాసేపు సాగేవాళ్లకు అదనంగా నిద్రమత్తు ఇస్తారు. దీని గురించి ఒక అపోహ ఉంది: నిద్రమత్తు తీసుకుంటే ఇంజెక్షన్ అక్కర్లేదని. నిద్రమత్తు ఆందోళనను తగ్గిస్తుంది, నొప్పిని ఆపేది మాత్రం స్థానికంగా ఇచ్చే మందే, రెండూ ఇస్తారు. ముక్కు దగ్గర మాస్కుతో పీల్చే నైట్రస్ ఆక్సైడ్ అన్నిటికంటే తేలికైనది, 1844లో అమెరికా దంతవైద్యుడు హోరేస్ వెల్స్ తన సొంత పన్నునే ఈ వాయువు మత్తులో తీయించుకుని దంతవైద్యంలో దాని వాడుకకు దారి వేశారు. ఆక్సిజన్ పీల్చిన కొద్ది నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది. మాత్ర రూపంలోగానీ సిర (రక్తనాళం) ద్వారాగానీ ఇచ్చే మిడాజోలాం వంటి మందులు ఇంకాస్త లోతైన మగతనిస్తాయి, జరిగినదానిలో చాలా భాగం గుర్తుండదు. దీనికి బదులుగా కొన్ని కట్టుబాట్లున్నాయి: చెప్పినంతసేపు ఏమీ తినకుండా వెళ్లాలి, ఇంటికి తీసుకెళ్లడానికి ఒక మనిషి తోడుండాలి, 24 గంటలు వాహనం నడపకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు. ఒక్క ఇంప్లాంట్ కోసం ఇంత ఏర్పాటు చాలామందికి అవసరం పడదన్నది నా అభిప్రాయం. కానీ దంతవైద్యుడి కుర్చీ చూస్తేనే చెమటలు పట్టేవాళ్లు బిడియపడకుండా దీన్ని అడగాలి. భయంతో బిగుసుకున్న మనిషి మీద పనిచేయడం డాక్టరుకూ కష్టమే.

మత్తు దిగాక

పెదవి, నాలుక మొద్దుబారి ఉండేది సాధారణంగా మూడు నుంచి ఐదు గంటలు. ఈ సమయంలో హాయిగా ఉంది కదా అని మాత్ర వేసుకోకుండా ఉండడమే చాలామంది చేసే పొరపాటు. గాయపడిన కణజాలంలో వాపును, నొప్పిని పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అప్పటికే తయారవుతూ ఉంటాయి. ఐబుప్రోఫెన్ వంటి మందులు వాటి తయారీని అడ్డుకుంటాయి గానీ తయారైపోయినవాటిని తుడిచిపెట్టలేవు. కాబట్టి మత్తు పూర్తిగా దిగకముందే, ఏదైనా కాస్త తిని, మొదటి మోతాదు వేసుకుంటే నొప్పి పైకి లేవకముందే అదుపులో ఉంటుంది. నొప్పి వచ్చాక మాత్ర వేసి, అది పనిచేసే దాకా అరగంట, ముప్పావు గంట గిలగిలలాడడం కంటే ఇది ఎంతో నయం. మొదటి రెండు రోజులు నొప్పి కోసం చూడకుండా గడియారం చూసి వేసుకోమని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ రెండూ వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి; అందువల్ల రెండూ కలిపి తీసుకుంటే ఒక్కోదానికంటే మెరుగైన ఉపశమనం దొరుకుతుంది. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఆమోదంతో 2024లో వెలువడిన మార్గదర్శకాలు పన్ను తీసిన తర్వాతి నొప్పి వంటివాటికి మొదట వాడవలసినవి ఈ కోవ మందులేననీ, మార్ఫిన్ జాతి మందుల జోలికి వీలైనంతవరకు వెళ్లవద్దనీ చెబుతున్నాయి. అయితే ఐబుప్రోఫెన్ అందరికీ పడదు. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు, ఆస్పిరిన్‌తో ఎక్కువయ్యే ఆస్తమా ఉన్నవాళ్లు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, గర్భిణులు సొంతంగా వేసుకోకూడదు. పారాసిటమాల్ ఎంత సురక్షితమైనదైనా రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికి ప్రమాదం. జలుబు మాత్రల్లో కూడా అది ఉంటుందన్న సంగతి మరిచిపోయి లెక్క తప్పేవాళ్లున్నారు. రక్తం పలచబరిచే మాత్రలను శస్త్రచికిత్స కోసమని తమంతట తామే ఆపేయడం ఇంకా పెద్ద ప్రమాదం. ఎముకల బలానికి వాడే బిస్ఫాస్ఫొనేట్ మందుల సంగతి, షుగర్ అదుపు సంగతి కూడా ముందుగానే డాక్టరుకు తెలియాలి, ఎందుకంటే అవి గాయం మానే తీరునే మారుస్తాయి.

మొదటి రోజు ఎక్కువ కంగారు పెట్టేది నొప్పి కాదు, రక్తం. గాయం మీద పెట్టిన గాజ్‌ను అరగంట నుంచి ముప్పావు గంట వరకు గట్టిగా కొరికి ఉంచితే గడ్డ కడుతుంది. ఆ తర్వాత కూడా 24 గంటలపాటు ఉమ్మి ఎర్రగా రావచ్చు. ఒక్క చుక్క రక్తం నోటినిండా ఉన్న లాలాజలాన్నంతా ఎర్రబరచగలదు కాబట్టి కంటికి కనిపించేది అసలు కంటే ఎక్కువే. పదేపదే ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో పీల్చడం వల్ల గడ్డ కదిలి రక్తం మళ్లీ మొదలవుతుంది; రాత్రి దిండు మీద మరకలు పడతాయని ఒక పాత గుడ్డ పరుచుకుని నిద్రపోతే సరిపోతుంది. గాజ్ మార్చి గట్టిగా కొరికినా ఆగకుండా నోరు నిండుతుంటే మాత్రం ఫోన్ చేయాలి.

వాపు విషయంలో మనసును ముందే సిద్ధం చేసుకోవాలి. అది శస్త్రచికిత్స రోజున కొద్దిగా, మర్నాడు మరికాస్త, 48 నుంచి 72 గంటల మధ్య అత్యధికంగా ఉండి, ఆ తర్వాత దిగుతుంది. అంటే నొప్పి తగ్గుముఖం పట్టిన మూడో రోజునే ముఖం అన్నిటికంటే అధ్వాన్నంగా కనబడుతుంది. నిద్ర లేచి అద్దం ముందు నిలబడితే ఒక పక్క చెంప మెరుస్తూ బిగువుగా ఉంటుంది, నవ్వితే పెదవి ఒక వైపే లేస్తుంది, కన్ను కింద కూడా కాస్త పొంగి ఉండొచ్చు. రాత్రంతా పడుకుని ఉన్నందువల్ల ద్రవం ముఖంలో నిలిచి పొద్దున ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా అనిపిస్తుంది. మొదటి రెండు రాత్రులు తల ఎత్తుగా పెట్టుకుని పడుకోమనడంలోని కిటుకు అదే. మొదటి ఒకటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసును చెంప మీద 20 నిమిషాలు ఉంచి, 20 నిమిషాలు తీసేస్తూ ఉంటే వాపు కొంత అదుపులో ఉంటుంది. రెండు రోజులు దాటాక ఐసుతో పెద్దగా ప్రయోజనం ఉండదు, అప్పుడు గోరువెచ్చని కాపడమే హాయి. కొందరికి, ముఖ్యంగా చర్మం పలుచగా ఉన్న పెద్దవాళ్లకు, చెంప కమిలి నీలంగా మారుతుంది. ఆ మరక రోజులు గడిచేకొద్దీ కిందికి జారి మెడ దాకా రావచ్చు, ఆకుపచ్చగా, పసుపుగా రంగులు మారి వారం పది రోజుల్లో పోతుంది. జబ్బు మెడకు పాకిందని హడలిపోనక్కర్లేదు. చర్మం కింద చేరిన రక్తం భూమ్యాకర్షణకు కిందికి దిగుతుంది, అంతే.

నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం మరో మామూలు ఇబ్బంది. చాలాసేపు సాగదీసిన కండరాల వల్ల, కింది దవడ నరానికి ఇచ్చిన ఇంజెక్షన్ కండరం గుండా వెళ్లడం వల్ల ఇది వస్తుంది. వారం లోపల వదులవుతుంది. కుట్లు నాలుకకు గరుకుగా తగులుతుంటాయి. నాలుకకు వాటి జోలికి పోకుండా ఉండడం చేతకాదు. కరిగే దారమైతే దానంతటదే పోతుంది, లేకుంటే వారం నుంచి రెండు వారాల మధ్య తీసేస్తారు, తీసేటప్పుడు చిటికెలో అయిపోయే చురుకు తప్ప మరేమీ ఉండదు. మర్నాటి నుంచి వాడమనే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ గాయాన్ని శుభ్రంగా ఉంచుతుంది గానీ రుచిని కొంతకాలం చెడగొడుతుంది, ఎక్కువ రోజులు వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు వేస్తుంది. మరకలను శుభ్రం చేయించుకోవచ్చు, రుచి తిరిగి వస్తుంది.

తిండి విషయంలో నియమాలు నిజానికి కొన్నే. మత్తు దిగేదాకా నమలకూడదు, వేడివి తాగకూడదు. మొద్దుబారిన చెంపను కొరుక్కున్నా, నాలుక కాలినా ఆ క్షణంలో తెలియదు, తర్వాత ఇంప్లాంట్ కంటే ఆ పుండే ఎక్కువ బాధిస్తుంది. మొదటి కొన్ని రోజులు మెత్తనివి, చల్లనివి లేదా గోరువెచ్చనివి తిని, రెండో పక్కన నమలాలి. కరకరలాడేవి, గింజలున్నవి గాయంలో ఇరుక్కుంటాయి. మిగిలిన పళ్లను ఎప్పటిలాగే తోముకోవాలి. నోటినంతటినీ వదిలేస్తే దుర్వాసనతో పాటు ఇన్ఫెక్షనూ వస్తుంది. పొగతాగడం గురించి మెత్తగా చెప్పడానికి నాకు మనసు రావడం లేదు. నికోటిన్ రక్తనాళాలను ముడిచేస్తుంది, గాయానికి అందాల్సిన రక్తం అందదు, నొప్పి ఎక్కువ రోజులుంటుంది, ఇంప్లాంట్ విఫలమయ్యే అవకాశం పొగతాగనివాళ్లతో పోలిస్తే స్పష్టంగా ఎక్కువ.

పై లెక్కలన్నీ మామూలు ఇంప్లాంట్‌వి. చిగురును పెద్దగా తెరవకుండా, స్కాన్ ఆధారంగా తయారుచేసిన గైడ్‌తో (డ్రిల్‌కు దారి చూపే అచ్చుతో) చిన్న రంధ్రం గుండా పెడితే వాపు, నొప్పి ఇంకా తక్కువగా ఉంటాయి. అయితే ఎముక చాలినంత వెడల్పుగా ఉన్నవాళ్లకే అది కుదురుతుంది. ఎముక తక్కువై గ్రాఫ్ట్ (ఆ లోటును పూడ్చే ఎముక పొడి) వేసినప్పుడు చిగురును ఎక్కువగా సాగదీసి మూయాలి కాబట్టి వాపు ఎక్కువ, కోలుకోవడానికి రోజులూ ఎక్కువ. గ్రాఫ్ట్ వేసిన మొదటి రోజుల్లో నోట్లో ఇసుక రేణువుల్లాంటివి కొన్ని తగిలితే అవి బయటికి వచ్చిన ఎముక పొడి రేణువులు, కొద్దిగా అయితే ఫరవాలేదు. పై దవడ వెనుక సైనస్ (ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలి గది) అడుగును పైకి లేపి ఎముక వేసిన వాళ్లకు చెంపలో నిండుగా, జలుబు చేసినట్టు ఉంటుంది, ముక్కులో కొద్దిగా రక్తం రావచ్చు. వాళ్లు సుమారు రెండు వారాలు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, లేకపోతే ఆ గాలి ఒత్తిడి సన్నని పొరను చింపేస్తుంది.

ఏది మామూలు కాదు

నొప్పి తీవ్రతను ఒక్కో మనిషి ఒక్కోలా చెబుతారు కాబట్టి దాన్ని బట్టి ప్రమాదాన్ని అంచనా వేయడం కష్టం. దిశను బట్టి చూడడం సులువు. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఎక్కువగా ఉండి, రోజురోజుకూ కాస్త కాస్త తగ్గుతూ, వారం గడిచేసరికి మాత్రలు అవసరం లేని స్థితికి వస్తే అది మానుతున్న గాయం. నెమ్మదిగా తగ్గినా ఫరవాలేదు. తగ్గి, మూడో నాలుగో రోజు తర్వాత మళ్లీ పైకి లేచిన నొప్పిని మాత్రం ఉపేక్షించకూడదు. మూడో రోజు తర్వాత కూడా పెరుగుతూ పోయే వాపు, చీము, చెడు రుచి, జ్వరం ఇన్ఫెక్షన్ సూచనలు. మింగడానికి గానీ ఊపిరి తీసుకోవడానికి గానీ కష్టమైతే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

వీటన్నిటికంటే నిశ్శబ్దంగా ఉండే ప్రమాద సూచన ఒకటుంది, అందులో నొప్పి ఉండకపోవచ్చు. కింది ఇంప్లాంట్ తర్వాత మత్తు దిగాల్సిన సమయం దాటినా పెదవి, గడ్డం మొద్దుబారే ఉంటే, లేదా చీమలు పాకినట్టు ఉంటే, దవడలోని నరం మీద ఇంప్లాంట్ ఒత్తుతోందేమో చూడాలి. ఈ నరానికీ ఇంప్లాంట్‌కూ మధ్య సుమారు 2 మిల్లీమీటర్ల ఎడం ఉండేలా ముందే స్కాన్‌లో కొలిచి ప్రణాళిక వేస్తారు కాబట్టి ఇది అరుదు. కానీ జరిగితే కాలమే కీలకం: తొలి రోజుల్లోనే ఇంప్లాంట్‌ను కాస్త వెనక్కి తిప్పడమో తీసేయడమో చేస్తే నరం కోలుకునే అవకాశం ఎక్కువ. నొప్పి లేదు కదా, అదే పోతుందిలే అని వారాలు గడిపేవాళ్లే ఇక్కడ ఎక్కువగా నష్టపోతారు. మర్నాడు పొద్దున్న పెదవిని వేలితో తాకి చూసుకోవడం ప్రతి ఒక్కరూ చేయదగిన పని.

నొప్పి లేని నెలలు

రెండో వారం దాటేసరికి చాలామందికి ఇంప్లాంట్ ఉన్న సంగతే గుర్తుండదు. సరిగ్గా అప్పుడే లోపల అది బలహీనంగా ఉంటుంది. పెట్టిన రోజున దాన్ని నిలబెట్టేది పాత ఎముకలో మర బిగువు, చెక్కలో దిగిన స్క్రూలాగా. ఆ తర్వాత ఒత్తిడికి గురైన పాత ఎముకను శరీరం కొంత కరిగించుకుని, దాని స్థానంలో కొత్త ఎముకను కడుతుంది. కరగడం ముందు, కట్టడం తర్వాత జరుగుతాయి కాబట్టి సుమారు రెండు నుంచి నాలుగు వారాల మధ్య పాత పట్టు తగ్గి, కొత్త పట్టు ఇంకా పూర్తిగా రాని దశ ఒకటి నడుస్తుంది. సుఖంగా ఉందని ఆ వైపు గట్టివి కొరకడం మొదలుపెడితే సూక్ష్మమైన కదలిక వచ్చి ఎముకకు బదులు మెత్తని నార కణజాలం ఏర్పడుతుంది, ఇంప్లాంట్ వదులవుతుంది. తీసి పెట్టుకునే పళ్ల సెట్టు గాయాన్ని నొక్కినా ఇదే ముప్పు, అందుకే దాన్ని కొన్నాళ్లు పెట్టుకోవద్దనో, లోపల అరగదీసి మెత్తని పొర వేయించుకోమనో చెబుతారు. అసలు పన్ను బిగించడానికి కింది దవడలో మూడు నెలలు, పై దవడలో నాలుగు నుంచి ఆరు నెలలు ఆగమనడం ఎముక అడిగే గడువు, డాక్టరు పెట్టినది కాదు. అదే రోజు తాత్కాలిక పన్ను పెట్టించుకున్నవాళ్లకు కూడా ఈ గడువు వర్తిస్తుంది. ఆ పన్ను కనబడడానికే, నమలడానికి కాదు.

ఇంప్లాంట్‌ను చిగురు కింద పూడ్చిపెట్టి ఉంటే, నెలల తర్వాత చిన్న కోతతో దాన్ని తెరిచి పైన గుండ్రని లోహపు మూత బిగిస్తారు. మొదటిసారితో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. ఒకటి రెండు రోజుల పచ్చిదనం అంతే. ఆ మూత వదులై నాలుకకు కదులుతున్నట్టు తగిలితే సొంతంగా బిగించుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చివరికి క్రౌన్ (పైకి కనబడే కృత్రిమ పన్ను) బిగించినప్పుడు చిగురు చుట్టూ పిండినట్టు ఒత్తిడి వచ్చి, చిగురు కొద్దిసేపు తెల్లబడుతుంది. కొన్ని నిమిషాల్లో రంగు తిరిగి వస్తుంది, బిగువు ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. సర్దుకోకుండా కొరికినప్పుడల్లా నొప్పి వస్తుంటే క్రౌన్ ఎత్తుగా ఉందేమో, ఇంప్లాంట్ సరిగా అతుక్కోలేదేమో చూపించుకోవాలి.

కొత్త పన్ను నమలడానికి కాస్త వింతగా ఉంటుంది. సహజ దంతం చుట్టూ ఉండే సన్నని నారలు ఎంత గట్టిగా కొరుకుతున్నామో మెదడుకు చెబుతుంటాయి. ఇంప్లాంట్ నేరుగా ఎముకను పట్టుకుని ఉంటుంది కాబట్టి ఆ సమాచారం చాలా తక్కువ. కొన్ని వారాల్లో అలవాటవుతుంది. ఇదే కారణం చేత ఇంప్లాంట్ చుట్టూ చిగురు చెడి ఎముక కరుగుతున్నా, లోపల నరం లేదు కాబట్టి సహజ దంతంలా సలిపి హెచ్చరించదు. తోముకునేటప్పుడు రక్తం, చిగురు ఎర్రబడడం, నొక్కితే చీము, ఇవే దాని తొలి ఆనవాళ్లు. చాలాసార్లు ఈ చెడును మనకంటే ముందు డాక్టరు పరికరమో ఎక్స్‌రేయో పట్టిస్తుంది. అందువల్ల ఏ బాధా లేకపోయినా ఆరు నెలలకోసారి, కనీసం ఏడాదికోసారి చూపించుకోవాలి. ఇంప్లాంట్ పక్క సందులను రోజూ సన్నని బ్రష్‌తో శుభ్రం చేసుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లు, పొగతాగేవాళ్లు, చిగుళ్ల జబ్బుతోనే పళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఇంకా తరచుగా వెళ్లాలి.